అశ్వగంధ వేరులో సీసం: లోపలి నుంచి వచ్చిందా, పైనుంచి అంటిందా?



పై వీడియోలో నేను నీళ్ల తొట్టి పక్కన కూర్చుని అశ్వగంధ వేర్లను బ్రష్షుతో రుద్ది కడుగుతూ కనిపిస్తాను. "పళ్లు తోమినట్టు తోముతున్నాడే!" అని కొంతమంది నవ్వుకుని ఉంటారు. పోయినేడు ఎవరైనా ఇలా చేస్తే నేనూ నవ్వేవాడినే. ఈ పని ఎందుకు మొదలుపెట్టాల్సి వచ్చిందో వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయాను. లెక్కలు కళ్ల ముందు రాసి ఉంటేనే అర్థమవుతాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఔషధ మొక్కలు వేసినవాళ్లు, వేయాలనుకుంటున్నవాళ్లు చివరిదాకా చదవండి.

14 బస్తాలు వెనక్కి వచ్చాయి

మాది అనంతపురం జిల్లా, ఎర్ర నేల. ఎనిమిదేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. జీవామృతం, ఘనజీవామృతం, ఆచ్ఛాదన తప్ప ఇంకేమీ లేదు. ఆగస్టులో ఎకరంన్నరలో అశ్వగంధ చల్లాం. మన పెద్దవాళ్లు దీన్నే పెన్నేరు గడ్డ అంటారు. ఫిబ్రవరిలో ఆకులు పసుపు తిరిగి, కాయలు ఎర్రబడ్డాక పీకించాం. తలలు కోసి, వేర్లు ఆరబెట్టి 14 బస్తాలు కట్టాం.

విదేశాలకు సరుకు పంపే ఒక వ్యాపారి తీసుకున్నాడు. పది రోజులకు ఫోన్ చేశాడు. "అన్నా, లెడ్ ఎక్కువుంది. వెనక్కి పంపుతున్నా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

రిపోర్టులో సీసం కిలోకు 6.2 మిల్లీగ్రాములు అని ఉంది. మన ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం మూలికల్లో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. యూరప్ ఫార్మకోపియాలో ఆ హద్దు 5. అంటే మన దేశంలో పాస్, అక్కడ ఫెయిల్.

నాకు కోపం వచ్చింది. ఒక్క మందు చుక్క కొట్టని పొలంలో సీసం ఎలా వస్తుంది? ల్యాబ్‌వాళ్లే ఏదో తప్పు చేశారనుకున్నాను. రాత్రి ఇంట్లో అదే మాట అంటుంటే మా అమ్మ మెల్లగా అడిగింది: "ఏం నాయనా, నేను రోజూ పాలల్లో వేసుకునేది కూడా ఆ గడ్డ పొడే కదా?"

నాకు నోట మాట రాలేదు. అదే కుప్పలోంచి నాలుగు కిలోలు తీసి పొడి కొట్టించి డబ్బాకు పోసింది నేనే.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. రోజుకు ఒక చెంచా, సుమారు 3 గ్రాముల పొడి. కిలోకు 6.2 మిల్లీగ్రాములంటే గ్రాముకు 6.2 మైక్రోగ్రాములు. మూడు గ్రాములకు 18.6 మైక్రోగ్రాముల సీసం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న కొలబద్ద చూస్తే, పిల్లలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు, పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు 8.8. అది మొత్తం తిండి నుంచి రోజుకు వచ్చే లెక్క. మా అమ్మకు ఆ అంకె అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ సీసానికి 'ఇంతవరకు ఫరవాలేదు' అనే మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన 10 హద్దులో పాసైన పొడి అయినా మూడు గ్రాములకు 30 మైక్రోగ్రాములు దాకా ఇవ్వొచ్చు. పాస్ అనే మాట అమ్ముకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో తినేదానికి ఆ మాట ఒక్కటే చాలదు.

మందు కొట్టకపోతే లోహం ఉండదా?

నేను చేసిన మొదటి పొరపాటు ఇదే. మనలో చాలామంది ఇలాగే అనుకుంటున్నారు కాబట్టి విడమరిచి చెప్తాను.

పురుగు మందును సూక్ష్మజీవులు కొన్నాళ్లకు విరగ్గొట్టగలవు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అలా కాదు. అవి మూలకాలు. జీవామృతంలోని ఏ సూక్ష్మజీవీ సీసాన్ని ఇంకొకటిగా మార్చలేదు. నేలలోకి వచ్చింది నేలలోనే ఉంటుంది. మనం ప్రకృతి వ్యవసాయంలోకి ఎనిమిదేళ్ల కిందటే వచ్చినా, నేలకు మాత్రం అంతకు ముందు చరిత్ర కూడా గుర్తుంటుంది.

మా నాన్న ఏళ్ల తరబడి డీఏపీ, సూపర్ వేసినవాడే. ఫాస్ఫేటు ఎరువులు తయారయ్యే రాతిలో కాడ్మియం సహజంగానే ఉంటుంది, ఎరువుతో పాటు కొద్ది కొద్దిగా నేలకు చేరుతుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది 2000 ఫిబ్రవరిలో. అప్పటిదాకా పొగలో వచ్చిన సీసం రోడ్ల అంచు మట్టిలో ఇంకా ఉంది.

టౌన్ కంపోస్టు సంగతి కూడా చూడండి. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు, సీసం 100 దాకా ఉండొచ్చు. ఎకరాకు ఐదు టన్నులు వేశామనుకోండి. హద్దు మేరకు కాడ్మియం ఉన్న కంపోస్టు అయితే 25 గ్రాములు నేలలోకి వెళ్తుంది. ఎకరం పైమట్టి, అరడుగు లోతున, సుమారు 900 టన్నులు. అంటే ఒక్కసారికి మట్టిలో పెరిగేది కిలోకు 0.03 మిల్లీగ్రాముల లోపే. చిన్నదే. పదేళ్లు వరసగా వేస్తే 0.3 దగ్గరకు వస్తుంది. కంపోస్టు వద్దని నేననడం లేదు, రిపోర్టు చూడకుండా వేయొద్దంటున్నాను.

ఇక నీళ్లు. పటాన్‌చెరు చుట్టూ, నక్కవాగు వెంట నేలల్లో లోహాలు ఎక్కువగా ఉన్నాయని హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచి చెప్పారు. అలాంటి వాగు పక్కన ఎంత పద్ధతిగా ప్రకృతి వ్యవసాయం చేసినా నీళ్లతో వచ్చే లోహాన్ని ఆపలేం. నీటి బ్రాహ్మి, వస లాంటివి తేమలో, మురుగు పక్కన ఏపుగా పెరుగుతాయి. ఏపు చూసి మోసపోవద్దు. నీటి బ్రాహ్మి లోహాలను బాగా పీల్చుకునే మొక్క.

హద్దులు ఎందుకు వచ్చాయి?

2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతం షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. రస ఔషధాల్లో కావాలనే శుద్ధి చేసి వాడే లోహాలు వేరు, మూలికలో తెలియకుండా చేరిన లోహం వేరు. బయటి కొనుగోలుదారులు మాత్రం ఆ తేడా చూడలేదు. ఆ తర్వాత ఎగుమతయ్యే మూలికా మందులకు లోహాల పరీక్ష 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. మన హద్దులు కిలోకు మిల్లీగ్రాముల్లో ఇవి: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. కాడ్మియం 0.3 అంటే టన్ను వేర్లలో గ్రాములో మూడో వంతు కూడా లేదు. అంత చిన్నదాన్ని కంటితో, రుచితో, వాసనతో పట్టడం ఎవరివల్లా కాదు. కొలవాల్సిందే.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

వేరును ఆరబెట్టి మెత్తగా పొడి చేస్తారు. అందులో అర గ్రాము తూచి, నైట్రిక్ ఆమ్లం పోసి, మూత బిగించిన పాత్రలో మైక్రోవేవ్‌తో వేడి చేస్తారు. వేరు మొత్తం కరిగి నీళ్లలా అవుతుంది, లోహం ఆ నీళ్లలో ఉండిపోతుంది. దాన్ని 50 మిల్లీలీటర్లకు పలచన చేసి యంత్రానికి ఇస్తారు.

ఏఏఎస్ అనే యంత్రం ఒక్కో లోహాన్ని ఒక్కో దీపంతో చూస్తుంది. సీసానికి సీసం దీపం, కాడ్మియానికి కాడ్మియం దీపం. లోహం ఎంత ఉంటే అంత వెలుగును అది మింగేస్తుంది. ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం ద్రవాన్ని ఆర్గాన్ వాయువు మంటలో, వేల డిగ్రీల వేడిలో పరమాణువులుగా విడగొట్టి బరువును బట్టి లెక్కిస్తుంది. చాలా లోహాలు ఒకేసారి, ఇంకా చిన్న మోతాదుల్లో తెలుస్తాయి.

లెక్క సులువు. యంత్రం లీటరుకు 10 మైక్రోగ్రాములు చూపిందనుకోండి. 50 మిల్లీలీటర్లలో అర మైక్రోగ్రాము ఉన్నట్టు. అది అర గ్రాము పొడి నుంచి వచ్చింది. కాబట్టి గ్రాముకు ఒక మైక్రోగ్రాము, అంటే కిలోకు ఒక మిల్లీగ్రాము.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 14 బస్తాల తలరాత అర గ్రాము పొడి మీద ఆధారపడి ఉంది! ఆ అర గ్రాముతో పాటు అంటుకున్న మట్టి కూడా కరుగుతుంది. సీసం వేరు లోపలిదా, పైన అంటిందా అనేది యంత్రానికి తెలియదు. అది తేల్చుకోవాల్సింది మనమే.

నాలుగు పొట్లాలు

వీడియోలో నాలుగో నిమిషం దగ్గర చూపించిన నాలుగు పొట్లాలు ఇవే. మొదటిది బస్తాలోంచి తీసిన వేరు, ఉన్నది ఉన్నట్టు. రెండోది అదే బస్తా వేరు, మంచినీళ్లలో బ్రష్షుతో రుద్ది కడిగి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టింది. మూడోది పొలం మట్టి. నాలుగోది మేం వేర్లు ఆరబెట్టిన చోటి దుమ్ము.

అవును, తారు రోడ్డు మీదే ఆరబెట్టాం. కళ్లం చాలక, ఎండ బాగా తగులుతుందని ఊళ్లో అందరిలాగే పాత హైవే అంచున పరిచేశాం. ఆరు రోజులు లారీలు, బస్సులు పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

సీసం లెక్కలు కిలోకు మిల్లీగ్రాముల్లో ఇలా వచ్చాయి: కడగని వేరు 6.2, కడిగిన వేరు 1.1, పొలం మట్టి 16, రోడ్డు దుమ్ము 118.

వేర్లకు ఇంకో పరీక్ష కూడా చేయించాను. ఆమ్లంలో కరగని బూడిద. వేరును కాల్చి బూడిద చేసి ఆమ్లంలో వేస్తే మొక్క ఖనిజాలు కరుగుతాయి, ఇసుక, మట్టి మిగులుతాయి. అశ్వగంధకు ఇది 1 శాతం దాటకూడదు. కడగని వేరుకు 5.2, కడిగిన వేరుకు 0.6 వచ్చింది. అంటే నేను అమ్మిన ప్రతి వంద కిలోల్లో నాలుగున్నర కిలోలకు పైగా మట్టే.

ఇప్పుడు చూడండి. అంటుకున్న 4.6 శాతం మా పొలం మట్టే అయితే దానివల్ల పెరిగే సీసం 16లో 4.6 శాతం, సుమారు 0.7 మాత్రమే. రోడ్డు దుమ్ము అయితే 118లో 4.6 శాతం, సుమారు 5.4. కడగడంతో పోయిన సీసం 5.1. కొద్ది తేడా ఉన్నా దొంగ ఎవరో తెలిసిపోయింది. పొలం తప్పు కాదు, ల్యాబ్ తప్పు కాదు. ఆరబెట్టిన చోటు తప్పు. ఆ తప్పు నాది.

వ్యాపారి ఇచ్చిన ఒక్క అంకె పట్టుకుని కూర్చుంటే, బంగారం లాంటి నేలలో అశ్వగంధ మానేసేవాడిని. ఒకే వేరును కడిగి, కడగకుండా కొలిచి, పక్కన మట్టిని కొలిస్తేనే ఏం చేయాలో తెలిసింది.

ఏ లోహం ఎలా ఎక్కుతుంది?

కడిగిన వేరులోని అంకెను మట్టిలోని అంకెతో భాగిస్తే మొక్క ఎంత పీల్చుకుందో తెలుస్తుంది. మా పొలంలో సీసానికి 1.1ని 16తో భాగిస్తే 0.07. కాడ్మియం మట్టిలో 0.18, వేరులో 0.11. భాగిస్తే 0.6. చూశారా తేడా? సీసం బద్ధకస్తురాలు, మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. కాడ్మియం చురుకైనది. జింకు, ఇనుము వెళ్లే దారుల్లోనే దూరి మొక్కలోకి ఎక్కేస్తుంది.

అందుకే సీసం ఎక్కువ వస్తే ముందు మట్టిని, దుమ్మును అనుమానించండి. కాడ్మియం ఎక్కువ వస్తే నేలను, ఎరువును, నీళ్లను చూడండి. కాడ్మియం కడిగితే పోయేది కాదు. పులుపు నేలల్లో, జింకు లోటు ఉన్న నేలల్లో కాడ్మియం ఎక్కువగా ఎక్కుతుంది. అలాంటి చోట సున్నం వేసి పీహెచ్ సరిచేయడం, సేంద్రియ పదార్థం పెంచడం పనిచేస్తాయి. ఘనజీవామృతం, ఆచ్ఛాదన సహాయపడేది ఇక్కడే. అవి లోహాన్ని మాయం చేయవు, మట్టిలోనే పట్టి ఉంచడానికి తోడ్పడతాయి. ఆర్సెనిక్ దారి వేరు, నీళ్లు నిలిచిన నేలలో అది ఎక్కువగా విడుదలవుతుంది.

మొక్కల్లో కూడా గుణాలు వేరు. యూరప్‌లో మందుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క మామూలు నేలలోనూ కాడ్మియాన్ని పోగేసుకుంటుంది. తులసి, సరస్వతి ఆకు లాంటి ఆకు పంటలకు వాన చినుకుతో ఎగిరే మట్టి, రోడ్డు దుమ్ము పెద్ద సమస్య. కాబట్టి ఒక పంట రిపోర్టు ఇంకో పంటకు పనికిరాదు.

శాంపిల్ తీసేటప్పుడు

బస్తాలు ఐదు లోపు ఉంటే అన్నింట్లోంచీ తీయండి. 6 నుంచి 50 దాకా ఉంటే ఐదు బస్తాల్లోంచి, అంతకు మించితే పదింటికి ఒకటి చొప్పున. ప్రతి బస్తాలో పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తీయండి. అంతా కలిపి కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ అలాగే చేయండి. పావు కిలో మిగిలేదాకా చేసి కొత్త పాలిథిన్ కవర్లో వేయండి. అందంగా ఉన్న వేర్లు ఏరి పంపితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

మట్టికైతే పొలంలో అటూ ఇటూ తిరుగుతూ ఎనిమిది, పది చోట్ల అరడుగు లోతున తీసి కలపండి. మీ దగ్గర ఉన్న సాయిల్ హెల్త్ కార్డు చూసి ధైర్యపడొద్దు. అందులో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం లేవు. విడిగా అడిగి చేయించుకోవాలి.

రిపోర్టు చదివేటప్పుడు

మొదట, ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, అది ఈ లోహాల పరీక్షకు కూడా వర్తిస్తుందా అడగండి.

రెండోది, 'కనుగొనబడలేదు' అని ఉంటే సంబరపడొద్దు. ఆ ల్యాబ్ కొలవగలిగే కనీస మోతాదు ఎంతో చూడండి. కాడ్మియానికి అది 0.5 అయితే, 0.3 హద్దు దాటిన సరుకు కూడా 'కనుగొనబడలేదు' అనే వస్తుంది. చేతిలో పట్టుకుని మట్టికి ఆనించే ఎక్స్ఆర్ఎఫ్ యంత్రంతోనూ ఇదే చిక్కు. మట్టిలో సీసం ఎక్కువుందో లేదో తొందరగా చూడ్డానికి అది మంచిదే. 0.3 కాడ్మియాన్ని చూపలేదు.

మూడోది, లెక్క పచ్చి బరువు మీదా, ఎండు బరువు మీదా? ఐదు కిలోల పచ్చి ఆకు ఎండి కిలో అయితే, పచ్చి మీద 0.1 ఉన్నది ఎండు మీద 0.5 అవుతుంది. హద్దులు ఎండిన సరుకుకే.

మేం మార్చుకున్నవి

పీకిన రోజే, మట్టి పచ్చిగా ఉండగానే వేర్లు కడుగుతున్నాం. బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించాం. ఆరబెట్టేది ఇంటి వెనక, నేలకు మూడడుగుల ఎత్తున మంచెలు కట్టి, వాటి మీద వల పరిచి. రోడ్డు వైపు మొదటి నాలుగు సాళ్లలో మందు మొక్క వేయడం మానేసి అవిశ, గ్లిరిసిడియా పెట్టాం. కూలి ఖర్చు పెరిగింది, నిజమే. కానీ 14 బస్తాలు తిరిగి రావడం కంటే తక్కువే.

ఆ 14 బస్తాలు ఏమయ్యాయంటారా? అన్నీ కడిగి మళ్లీ ఆరబెట్టాం. ఎండిన వేరు మళ్లీ తడిస్తే రంగు తగ్గుతుంది, విరుగుతుంది. ఈసారి రిపోర్టులో సీసం 1.4. వేరే వ్యాపారి తీసుకున్నాడు, ధర మాత్రం బాగా తగ్గించాడు. రెండు రిపోర్టులూ అతనికి చూపించే అమ్మాను.

ఇంట్లో ఇలాంటి పొడి చాన్నాళ్లు వాడినవాళ్లకు అనుమానం ఉంటే, రక్తంలో సీసం కొలిచే పరీక్ష ఉంది. డాక్టర్‌ను అడిగి చేయించుకోండి. మేం అమ్మకు చేయించాం. డాక్టర్ రిపోర్టు చూసి, పొడి ఆపేయమన్నాడు, ఇంకేమీ అవసరం లేదన్నాడు.

డబ్బాలో మిగిలిన పాత పొడిని నేను పెరట్లో కరివేపాకు పాదులో పోయబోతే అమ్మే ఆపింది. "అక్కడ పోస్తే మళ్లీ కూరలోకే కదరా వస్తుంది?" అంది. ఎనిమిదేళ్లు ప్రకృతి వ్యవసాయం చేసిన నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. ఆ పొడిని కవర్లో కట్టి ఇప్పటికీ అటక మీదే ఉంచాను.

ఈ ఏడాది పంట ఫిబ్రవరిలో వస్తుంది. కడిగిన వేరు, కడగని వేరు, మట్టి, మూడు రిపోర్టులూ వీడియోలో చూపిస్తాను. అంకె ఎంత వచ్చినా దాచను. మీ పంట రిపోర్టు మీ దగ్గరుంటే, ఏ ఊరు, ఏ మొక్క, ఎక్కడ ఆరబెట్టారో రాయండి. అందరి అంకెలూ పక్కపక్కన పెడితే మనకే తెలుస్తుంది.